కిరాయికిచ్చే ముందు అడగాల్సినవి

మహారాష్ట్రలోని మన చంద్రపూర్ జిల్లాలో, బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్ వైపు ఇళ్లు చేతులు మారే కాలం ఇది. బళ్లు తెరుస్తారు, బదిలీలవుతాయి, ఠేకేదార్ల కింద కొత్తవాళ్లు దిగుతారు. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కిరాయి ఇళ్ల గురించే. నేను రాజురా కోర్టు దగ్గర ఒక వకీలు సాబు ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైనదాన్ని. కిరాయి తగాదాల కాగితాలు నా చేతుల మీదుగా చాలా నడిచాయి. మా ఇంట్లో పక్క పోర్షన్ కూడా కిరాయికే ఉంటుంది. నాకు తెలిసింది దాచకుండా చెప్తాను.

ప్రశ్న: అక్కా, మాది బల్లార్షా. కింద మాకు పిండి గిర్నీ ఉంది, వెనకవైపు మేముంటాం. పైన రెండు అర్రలు, వంటిల్లు, బాత్రూం కిరాయికివ్వాలి. మా ఆయన నాగపూర్‌లో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. ఇంట్లో నేను, అత్తమ్మ, పిల్లలమే. ముగ్గురొచ్చి చూసుకుపోయారు. ఒకరు బొగ్గు బాయిలో ఠేకేదారు కింద చేసే నలుగురు పోరగాళ్లు. ఇంకొకరు సిరొంచ నుంచి వచ్చి ఇక్కడ ప్రైవేటు దవాఖానలో చేసే నర్సులు, ఇద్దరు. మూడోవాళ్లు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. వీళ్లు నేను చెప్పినదానికంటే ఐదొందలు ఎక్కువిస్తాం, రేపే దిగుతామంటున్నారు. సంసారులకే ఇవ్వమని అత్తమ్మ పట్టు. అడ్డమైన ప్రశ్నలూ అడిగితే ఏమనుకుంటారోనని నాకు మొహమాటం. ఎవరికివ్వాలి?

జవాబు: చెల్లె, ముగ్గురి గురించీ రాశావు గానీ, నీ ఇంటి గురించి వాళ్లకేం చెప్పావో రాయలేదు. మొదలు అక్కణ్నించే పెట్టాలి. కింద గిర్నీ ఉందన్నావు. పొద్దున మోటారు వేస్తే మధ్యాహ్నం దాకా పైన నేల అదురుతూనే ఉంటుంది. రాత్రి షిఫ్టు దిగొచ్చిన బాయి మనిషి పడుకునే వేళ సరిగ్గా అదే. నర్సులకూ నైట్ డ్యూటీలుంటాయి. ఎండాకాలంలో కారం పట్టే రోజుల్లో ఆ ఘాటు మెట్ల మీదుగా పైకి పోతుంది. ఆ కుటుంబంలో ఏ బిడ్డకైనా దమ్ము, అంటే ఉబ్బసం, ఉంటే వాళ్లకి నీ ఇల్లు పనికిరాదు. ఇవన్నీ తెలిసి వచ్చినవాళ్లు సర్దుకుంటారు. తెలియక దిగినవాళ్లు రెండో నెలలోనే నీతో మాటకు మాట పెట్టుకుంటారు, కిరాయి ఆపడం అక్కణ్నించే మొదలవుతుంది. నేను టైపు చేసిన నోటీసుల వెనక ఇలాంటి చిన్న సంగతులే ఉండేవి. అందుకని ముగ్గురినీ గిర్నీ నడిచే వేళకి మళ్లీ రమ్మను. వచ్చి, కాసేపు పైన కూర్చుని, అప్పుడు మాట్లాడమను.

తర్వాత నీళ్లు. మన చంద్రపూర్ జిల్లా ఎండ నీకు చెప్పాలా, 47 డిగ్రీలు దాటిన రోజులు చూసినవాళ్లం. పై అంతస్తులో మార్చి దాటితే కూలర్ లేకుండా ఎవరూ ఉండలేరు, ఆ కూలర్ తాగే నీళ్లు నీ ట్యాంకులోవే. ఎన్ని కూలర్లు, ఎన్ని బండ్లు, ఎంతమంది ఉంటారు, ఊరి నుంచి చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు, ఇవి ముందే తేల్చుకోండి. పైన వేరే మీటరుందా, సబ్ మీటరా అన్నది నువ్వే చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు. తాళాలిచ్చే రోజు మీటరు అంకెను ఇద్దరూ కలిసి ఫోటో తీసి ఫోన్లలో ఉంచుకుంటే, లైట్ బిల్లు దగ్గర పేచీ రాదు.

ఇక పని, జీతం. ఠేకేదారు కింద చేసేవాళ్లని 'ఎక్కడ పనిచేస్తున్నావు' అంటే గని పేరో ఫ్యాక్టరీ పేరో చెప్తారు. అబద్ధం కాదు, కానీ జీతమిచ్చేది ఠేకేదారు. గేట్ పాస్ చూపించమను. దాని మీద ఠేకేదారు పేరూ, పాస్ ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తారీఖూ ఉంటాయి. ఠేకా మూడు నెలల్లో అయిపోతుందంటే ఇవ్వొద్దని కాదు, మూడు నెలల తర్వాత ఏం చేస్తారో మాట్లాడుకుని ఇవ్వు. జీతం బ్యాంకులో పడుతుందా, చేతికిస్తారా అడుగు. పాస్‌బుక్కులో మూడు నెలల ఎంట్రీలు చూస్తే నీకే అర్థమవుతుంది. జీతంలో మూడో వంతుకు మించి కిరాయికి పోతుంటే ఆ మనిషి మంచివాడైనా సరే, ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చిన నెల నీకు బాకీ పడతాడు. నలుగురు కలిసి ఉంటామంటే నలుగురి పేర్లూ కాగితం మీదకెక్కాలి. మొత్తం కిరాయికి ఎవరు జవాబుదారీ, ఒకరు వెళ్లిపోతే ఆ చోటులోకి ఇంకొకరు నీకు చెప్పే వస్తారా, అవి కూడా రాసుకోవాలి.

ఇంతకు ముందున్న ఇంటి ఓనరు నంబరు తీసుకో. ఇక్కడ ఒక కిటుకుంది. ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు వాళ్లని వదిలించుకోవాలనుకుంటే 'బంగారంలాంటి మనుషులమ్మా' అంటాడు. అంతకు ముందటి ఇంటి ఓనరుకి ఏ అవసరమూ లేదు, ఉన్నదున్నట్టు చెప్తాడు. ఆయన్నే అడుగు. కిరాయి ఏ తారీఖుకి వచ్చేది, ఖాళీ చేసేటప్పుడు ఇల్లు ఎలా అప్పగించారు, మళ్లీ వస్తే ఇస్తావా. మూడో ప్రశ్నకు ఆయన వెంటనే 'ఇస్తాను' అన్నాడా, కాస్త ఆగి అన్నాడా, అది కూడా గమనించు.

ఎక్కువిస్తాం, రేపే దిగుతాం అన్న కుటుంబం సంగతి. తొందరకి కారణం నిజంగా ఉండొచ్చు, బడిలో పిల్లల అడ్మిషన్ ఉండొచ్చు, అనుకోని బదిలీ కావొచ్చు. 'ఈ రాత్రి ఎక్కడుంటున్నారు, అక్కణ్నించి ఎందుకు కదులుతున్నారు' అని మామూలుగా అడుగు. సూటిగా జవాబొస్తే మంచిదే. మాట తప్పించి మళ్లీ ఆ ఐదొందల దగ్గరికే వస్తే, పాత ఓనర్‌తో మాట్లాడేదాకా బయానా కూడా తీసుకోకు. అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానన్న ఒక్క మాట మీద తాళాలిచ్చి, తర్వాత మా ఆఫీసు మెట్లెక్కిన ఓనర్లను చూశాను.

మనిషిని ఎలా చూడాలో ఒకటి చెప్తాను. మా పక్క పోర్షన్‌కి ఒకసారి ఆలుమగలొచ్చారు. ఆయన వరండాలో నాతో కిరాయి బేరం చేస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. వంటింట్లో నల్లా తిప్పి ధార కింద చెయ్యి పెట్టి చూసింది. బాత్రూంలో తూము మీది జాలీ ఎత్తి లోపలికి తొంగి చూసి మళ్లీ జాగ్రత్తగా సరిగ్గా మూసింది. గోడకు ఏ మూల చెమ్మ ఉందో వేలితో రుద్ది చూసింది. బయటికొచ్చి, మున్సిపల్ నీళ్లు ఏ వేళకొస్తాయి, ట్యాంకు నింపే మోటారు స్విచ్ ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగింది. వీళ్లు ఉండడానికి వచ్చారని నాకు అప్పుడే అర్థమైంది. అయినా కాగితాలన్నీ చూశాకే తాళాలిచ్చాను. ఆయనకి వరోరా బదిలీ అయ్యేదాకా మా దగ్గరే ఉన్నారు, వెళ్లేటప్పుడు ఆ చెమ్మ మూలకి పుట్టీ పెట్టించి వెళ్లారు.

మొహమాటం పోవాలంటే ఒక పని చెయ్యి. అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఎవరొచ్చినా అదే కాగితం ముందు పెట్టుకుని అవే అడుగు. 'మా ఇంట్లో అందరినీ ఇలాగే అడుగుతాం' అంటే ఎవరూ తప్పు పట్టరు. కుర్రాళ్లని నలభై ప్రశ్నలడిగి, సంసారులని రెండడిగి వదిలేస్తేనే అది అవమానం. అత్తమ్మకి కూడా ఇదే చెప్పు. పెళ్లయిందన్న మాట ఒకటో తారీఖు కిరాయికి హామీ ఇవ్వదు. ఆధార్ అసలు కార్డు చూసి, నకలు తీసుకో. మొదటి ఎనిమిది అంకెలు దాచిన ఆధార్ కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, నీకు అది చాలు. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ని ఆధార్ వాళ్ల సొంత యాప్‌లో చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. నకలు మీద 'ఇంటి కిరాయి కోసం మాత్రమే' అని తారీఖుతో అడ్డంగా రాయించు. అది వాళ్ల రక్షణ కోసం. నీ చేతిలో పడిన కాగితం ఇంకెక్కడికీ పోదన్న నమ్మకం వాళ్లకీ కలగాలి కదా.

ప్రశ్న: నమస్తే అక్కా. చంద్రపూర్‌లో మా నాన్న కట్టిన ఇల్లుంది. నేను మంచిర్యాలలో ఉంటాను. ఒకాయన ఆరు వేల కిరాయి, ఇరవై వేల డిపాజిట్‌కి ఒప్పుకున్నాడు. మనిషి గురించి అంతా కనుక్కున్నాను, బాగానే ఉన్నాడు. ఇక్కడి నుంచే బాండ్ పేపర్ మీద 11 నెలల అగ్రిమెంటు రాయించి సంతకాలు పెట్టుకుంటే సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదు తమ్ముడూ. సరిహద్దుకి అటూ ఇటూ ఆస్తులున్న మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది కాబట్టి, ఆ గడప దాటకుండా 11 నెలలకి రాసుకోవడం మీ వైపు అలవాటు. నీ ఇల్లు మహారాష్ట్రలో ఉంది. ఇక్కడ 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31 నుంచి నడుస్తోంది. దాని 55వ సెక్షన్ ప్రకారం కిరాయి ఒప్పందం 11 నెలలదైనా సరే రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఓనరుదే. చేయించకపోతే, రేపు తగాదా వచ్చినప్పుడు షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే నిజమని ముందు అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది నువ్వు. పైగా ఓనరుకి మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జుర్మానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఇక్కడ ఎక్కువమంది రాయించుకునేది లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు, అంటే ఫలానా గడువు దాకా ఇంట్లో ఉండడానికి అనుమతి ఇచ్చే కాగితం. గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే, అదే చట్టం 24వ సెక్షన్ కింద కాంపిటెంట్ అథారిటీ, అంటే ఇలాంటి తగాదాలు వినే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. గడువు దాటి ఉన్న కాలానికి అతను లైసెన్స్ రుసుముకి, అంటే కిరాయికి, రెట్టింపు చెల్లించాల్సి వస్తుంది. ఖర్చుకి భయపడకు. ఐదేళ్ల లోపు ఒప్పందానికి స్టాంప్ డ్యూటీ మొత్తం మీద 0.25 శాతం. నీ లెక్కే చూద్దాం. ఆరు వేల చొప్పున 11 నెలలకి 66,000. ఇరవై వేల డిపాజిట్ మీద ఏడాదికి పది శాతం చొప్పున వడ్డీ కలిపితే సుమారు 67,800. దాని మీద పావు శాతం రెండు వందల లోపే. చంద్రపూర్ మహానగరపాలిక పరిధి కాబట్టి రిజిస్ట్రేషన్ రుసుము వెయ్యి. ఆధార్ మీద వేలిముద్ర వేసి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసే పద్ధతి కూడా ఉంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను. ఆ కాగితం ఎక్కువగా మరాఠీలో ఉంటుంది. మనవాళ్లు బజార్లో మరాఠీ గలగలా మాట్లాడతారు, కాగితం చదవమంటే 'రాసినాయన చెప్పాడు కదా' అని వేలిముద్ర వేస్తారు. నువ్వూ ఆ కిరాయిదారూ కూర్చుని ప్రతి షరతూ తెలుగులో చెప్పించుకోండి. ఎవరెవరు ఉంటారు, లైట్ బిల్లు ఎవరిది, రిపేర్లు ఎవరివి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తావు, ఇవి అందులో కనపడేదాకా వేలు పెట్టొద్దు.

ప్రశ్న: భద్రావతి దగ్గర మా ఇల్లు కిరాయికిస్తామని ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టాం. మర్నాడే ఒకతను ఫోన్ చేసి, తాను జవానునని, ఇక్కడికి బదిలీ అయిందని, చూడకుండానే రెండు నెలల అడ్వాన్స్ పంపుతానని అన్నాడు. యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు కూడా పంపాడు. తను పంపే కోడ్ స్కాన్ చేస్తే డబ్బు నా ఖాతాలో పడుతుందట. నమ్మొచ్చా?

జవాబు: వద్దన్నా. ఆ కోడ్ ముట్టుకోవద్దు. డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పనిలేదు, పిన్ కొట్టాల్సిన పనిలేదు. యూపీఐలో పిన్ కొడితే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది, అంతే. జవాన్ల మీద మనకుండే గౌరవాన్ని వాడుకుని దేశమంతా నడుస్తున్న మోసమిది. ఐడీ కార్డు ఫోటో ఎవరిదో ఎత్తుకొచ్చింది కావొచ్చు. అక్కడ ఆయుధ కర్మాగారం ఉంది కాబట్టి నిజంగా బదిలీ మీద వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటివారు తామొచ్చో, తోటివారిని పంపించో ఇల్లు చూసుకుంటారు. గడప తొక్కని మనిషితో డబ్బు మాట వద్దు. ఇప్పటికే పిన్ కొట్టి ఉంటే ఈ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, తర్వాత బ్యాంకుకి వెళ్లండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే వీలు అంత ఉంటుంది.

ప్రశ్న: అక్కా, నేను సిరొంచ తాలూకా అమ్మాయిని. బల్లార్షాలో ఉద్యోగమొచ్చింది. ఇల్లు చూద్దామని పోతే జీతమెంతని ఎవరూ అడగడం లేదు, మీరేమిట్లు అని కులం అడుగుతున్నారు. చెప్పాక 'మా చుట్టాలొస్తున్నారు, ఇల్లు లేదు' అంటున్నారు. ఇంకోచోట ఒక్కదానివే ఎందుకుంటావన్నారు. ఏం చేయాలి?

జవాబు: చదివి చాలా బాధపడ్డాను తల్లీ. నీకు చెప్పే ముందు ఇళ్లున్నవాళ్లతో రెండు మాటలు మాట్లాడాలి. మన పెద్దవాళ్లు కరీంనగర్ నుంచో, ఆదిలాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో కాగితం మిల్లుకీ బొగ్గు బాయిలకీ కూలికొచ్చినప్పుడు, భాష తెలియని ఊళ్లో ఎవరో ఒకరు అర్ర ఇస్తేనే నిలదొక్కుకున్నారు. రాజురా తాలూకా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, 1956లో కదా అక్కణ్నించి విడిపోయింది. పరాయితనం ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో తెలియనివాళ్లెవరు? కిరాయి వేళకి వస్తుందా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా, పక్కవాళ్లతో నిమ్మళంగా ఉంటారా, ఈ మూడూ తెలుసుకునే హక్కు ఓనరుకుంది. కులం అడిగితే ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. ఒంటరి ఆడపిల్ల ఉంటే బాధ్యత మా మీద పడుతుందంటారు. ఉద్యోగం చేసి తన కిరాయి తాను కట్టుకునే పిల్ల బాధ్యత తనదే. మీరు గేటు తాళం ఎన్ని గంటలకి వేస్తారో ముందే చెప్పండి, డ్యూటీ నుంచి ఆలస్యమైతే ఎలా రావాలో మాట్లాడుకోండి, అది చాలు.

ఇప్పుడు నీకు. ఒక ఫైలు తయారు చేసుకో. అపాయింట్‌మెంట్ ఆర్డర్, ఆధార్ నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్, నువ్వు చదువుకున్నప్పుడు ఉన్న హాస్టల్ వార్డెన్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం, ఊళ్లో అమ్మానాన్నల నంబరు. వాళ్లు మాట మొదలుపెట్టకముందే ఆ ఫైలు చేతిలో పెట్టు. మాట జీతం మీదకి, డ్యూటీ వేళల మీదకి అదే మళ్లుతుంది. ఇల్లు ఒక్కదానివే తిరిగి వెతక్కు, మీ ఆఫీసులో ముందు నుంచి ఉన్న ఆడవాళ్లని అడుగు. వాళ్లుండే ఇళ్ల ఓనర్లకి ఉద్యోగస్తురాళ్లకి ఇచ్చిన అనుభవం ఉంటుంది. కులం అడిగినచోట జవాబు చెప్పాల్సిన బాకీ నీకేం లేదు. ఇంకెక్కడా దొరక్క అలాంటి ఇంట్లోనే ఉండాల్సి వస్తే కూడా నిన్ను నేను తప్పు పట్టను, ఊరు కాని ఊళ్లో తల దాచుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రిజిస్టర్ అయిన కాగితం మాత్రం తప్పకుండా అడుగు. గడువు లోపల ఎవరో ఏదో అన్నారని రాత్రికి రాత్రి ఖాళీ చేయమంటే చూపించడానికి నీ చేతిలో ఉండేది అదే.

ప్రశ్న: పాత కిరాయిదారు, మంచివాడనుకుని కాగితం లేకుండా ఇచ్చాం. కొన్ని నెలలుగా కిరాయి లేదు. కరెంటు తీసేస్తే తనే పోతాడని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: ఆ పని చేయొద్దు. నీళ్లూ కరెంటూ లాంటివి ఓనరు ఆపడాన్ని 1999 చట్టం 29వ సెక్షన్ నిషేధిస్తుంది. బాకీ ఇచ్చుకోవాల్సిన అతనే అప్పుడు నీ మీద ఫిర్యాదుకి వెళ్తాడు. బాకీ ఎంతో రాసి వకీలు ద్వారా నోటీసు పంపించు. 15వ సెక్షన్ ప్రకారం ఆ నోటీసు అందిన 90 రోజుల దాకా బాకీ కోసం ఖాళీ చేయించే దావా వేయడానికి లేదు కాబట్టి, పంపేదేదో ఈ వారమే పంపు. ఈలోగా ఒకసారి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఎందుకు ఇవ్వలేకపోతున్నాడో అడుగు. ఠేకా పోయి ఇంట్లో పొయ్యి వెలగనివాడికీ, డబ్బుండి ఎగ్గొట్టేవాడికీ ఒకే మందు పనిచేయదు.

ప్రశ్న: కిరాయికొచ్చినవాళ్ల వివరాలు ఠాణాలో ఇవ్వాలంటున్నారు. మనమే వాళ్లని దొంగలన్నట్టు కాదా?

జవాబు: కాదమ్మా. జిల్లా అధికారులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఇలా ఆదేశాలిస్తుంటారు. ఆదేశం ఉండగా వివరాలివ్వకపోతే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద కేసు ఓనరు మీద పడుతుంది. 2024 జూలైకి ముందు పాత చట్టాల్లో ఇవే 144, 188 సెక్షన్లు, ఆ పాత అంకెలే ఇంకా అందరి నోళ్లలో ఉన్నాయి. నక్సల్ సమస్యకు పేరుపడ్డ గడ్చిరోలి పక్కనే ఉన్న జిల్లా కాబట్టి మన దగ్గర దీన్ని గట్టిగానే అడుగుతారు. కిరాయికొచ్చినవాళ్లకి ముందే చెప్పి, వాళ్ల ఎదుటే ఫారం నింపు. ఫోటో, ఆధార్ నకలు, సొంతూరి చిరునామా, పనిచేసే చోటు, అంతే ఉంటుంది. మహారాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో కూడా ఇవ్వొచ్చు. ఠాణాలో ఇస్తే ముద్ర వేయించుకుని, ఒక నకలు నీ దగ్గర పెట్టుకో, ఇంకొకటి వాళ్లకివ్వు.